మూడు బారల గొడుగు తాడు

పుట 1. ఊపిరి సంతకానికి 41 రోజులు

ఇంటి దగ్గర చిన్న వ్యాపారం చేసుకునే ప్రతి మనిషీ రోజువారీ పుస్తకం రాయాలని, నెలకోసారి ఇన్‌స్పెక్టరు దాన్ని చదువుతాడని తెప్పలూరు రూలు. అబద్ధం రాస్తే పర్మిట్ పోతుందట. నిజం రాస్తే ఏమవుతుందో రూలు పుస్తకంలో లేదు. నేను నిజమే రాస్తాను. చదవడం మీ ఖర్మ, ఇన్‌స్పెక్టర్ జయవర్ధన్ గారూ.

పేరు గనగళ్ళ పోలేశ్వరి. వయసు నలభై ఆరు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే షెడ్డులో జల్లెడలు కడుగుతాను. సాయంత్రాలు గొడుగు తాడుతో చేతి పట్టీలు అల్లి అమ్ముకుంటాను.

'వివరంగా రాయాలి' అన్నారు కాబట్టి మీకు తెలిసింది కూడా రాస్తున్నాను. పది రోజులకోసారి విమానం వచ్చి బియ్యం, మందులు, బ్యాటరీలు పెట్టెల్లో పెట్టి, వాటికి పారాచూట్ గొడుగులు కట్టి, సముద్రం మీద తేలే మన ఊరి బార్జీల మీద వదిలి పోతుంది. గొడుగుల గుడ్డ స్టోర్సుకి వెళుతుంది. తాళ్ళని మాత్రం చెత్తలో పడేసి కాల్చేసేవారు. ఇద్దరు మనుషుల్ని వేలాడదీసినా తెగని తాడది. మా అమ్మ, అమ్మమ్మ వలలు అల్లిన మనుషులు. అంత మంచి తాడు కాలుతుంటే ఆ కంపుకి కాదు, నాకు కడుపు మండింది. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పర్మిట్ తెచ్చుకున్నాను.

ఒక్కో పట్టీకి మూడు బారల తాడు పడుతుంది. మొత్తం జారుముడి అల్లిక. కొస పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగితే అల్లికంతా విడిపోయి తాడు చేతికొస్తుంది. బార్జీకీ బార్జీకీ మధ్య నడవ మీంచి నీళ్ళలో పడ్డవాడు ఆ తాడు అంచునున్న కొక్కేనికి విసిరి పైకి రావచ్చు. ఇనుము కంపెనీ అద్దెకిచ్చే మిణుగురు పట్టీ కూడా ఉంది, కాదనను. పడగానే వెలుగుతుంది, పడవని పిలుస్తుంది. పడవ వచ్చేసరికి పది నిమిషాలు. ఈలోగా బార్జీలు ఎన్నిసార్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయో లెక్కపెట్టుకోండి. పైగా అద్దె కట్టని నెల అది వెలగదు.

ఈ పై సంపాదన దేనికి అని మీ ఫారంలో ఒక గడి ఉంది. మా అమ్మాయి తరళకి. నలభై ఒక్క రోజుల్లో దానికి పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజు మునిగే పనికి పేరు రాయించుకోవాలి. నీళ్ళ కింద గాలినిచ్చే ఊపిరి డబ్బా సొంతంగా లేకపోతే కంపెనీ డబ్బా తీసుకుని పదేళ్ళ సంతకం పెట్టాలి. పదేళ్ళు కంపెనీ చెప్పిన చోట మునిగి, మునిగిపోయిన పాత నగరంలో ఇనుము కోయాలి. వాళ్ళ నాన్న ఆ పదేళ్ళలో ఎనిమిదో ఏట దిగి మళ్ళీ పైకి రాలేదు. గడిలో ఇంత పట్టదు కనుక ఇక్కడ రాశాను.

పుట 2. 36 రోజులు

సంతలో కూర్చున్నాను. రంగులు కావాలట. ఆకాశం నుంచి పడేది ఆకుపచ్చ, మట్టిరంగు. చీర మీదకి నప్పే రంగు ఆకాశాన్ని అడిగి తెమ్మంటారు మా ఆడవాళ్ళు.

నడవలు బాగుచేసే దానయ్యకి వాళ్ళావిడ రాజులు పట్టీ కొంది. దానయ్య గొంతు గురించి చెప్పాలి. నాలుగు బార్జీల అవతల మాట్లాడినా మన పక్కనే ఉన్నాడనుకుంటాం.

"ఏటప్పా, ఇది కట్టుకుంటే సముద్రం నన్ను మింగదేటి?" అన్నాడు.

"మింగినా నీ గొంతుకి కక్కేస్తాది. డబ్బులిచ్చి ఎల్లు," అన్నాను.

రాజులు పట్టీని కళ్ళకద్దుకుంది. నేను అల్లిన దాన్ని ఒకరు కళ్ళకద్దుకున్నారని పొంగిపోయాను. ఆ పొంగులో అడగాల్సిన మాట అడగలేదు.

పుట 3. 31 రోజులు

దానయ్య పడ్డాడు.

గాలికి ఏడో బార్జీ నడవ తెగింది. పొద్దున్నే, అందరూ చూస్తుండగానే. పట్టీ కొస పళ్ళతో లాగాడు. విడలేదు. మళ్ళీ లాగాడు. చెయ్యి పైకెత్తి బార్జీ అంచు పట్టుకోబోయాడు, అప్పుడే అల వచ్చి రెండు బార్జీలు కలిశాయి. ఎడమ చేతి మూడు వేళ్ళు పోయాయి. మనిషి దక్కాడు.

షెడ్డులో ఈ కబురు నాకు చెప్పినవాళ్ళు నా మొహంలోకి చూడలేదు. "పోలేశ్వరి పట్టీ మోసం చేసింది" అనే మాట నాకంటే ముందే ఊరంతా తిరిగొచ్చింది.  జల్లెడ చేతిలోంచి జారి పడితే సూపర్‌వైజరు తిట్టాడు. అతను తిట్టడమే ఆ పూట కాస్త ఆసరాగా ఉంది.

పుట 4. 30 రోజులు

ఆసుపత్రి బార్జీకి వెళ్ళాను. దానయ్య మత్తులో ఉన్నాడు. రాజులు గుమ్మంలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. లేచి, కోసి తీసిన పట్టీని నా చేతిలో పెట్టింది.

తాడు తెగలేదు. అల్లిక చెడలేదు. లాగాల్సిన కొస చుట్టూ పసుపు రాసిన మూడు ముళ్ళు ఉన్నాయి. బిగుతుగా, ఒకదాని మీద ఒకటి.

"నానే కట్టినానప్పా," అంది రాజులు. "ఆడిని కాసే రచ్చ గదా అని కట్టినాను. మంగళారం తానం చేసి, దణ్ణమెట్టుకుని మరీ కట్టినాను. నా సేతుల్తో నానే ఆడి సెయ్యి..." అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

 ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరాను. అంతకంటే నాకు ఏం చేతనైంది!

పుట 5. 29 రోజులు

షెడ్డుకి సెలవు పెట్టి సంతంతా తిరిగాను. నా పట్టీ కనిపించిన ప్రతి చెయ్యీ పట్టుకుని చూశాను. పదకొండు చేతులు చూస్తే తొమ్మిదింటికి మూడు ముళ్ళు. కొన్నింటికి పసుపు, ఒకదానికి కుంకుమ కూడా. ఒక తల్లి పిల్లాడి పట్టీకి ఐదు వేసింది, వాడు అల్లరోడట.

 ఇన్నాళ్ళుగా నేను అమ్మిన పట్టీల్లో చాలావరకు విడిపోవు. దానయ్యకి ముందు ఒక్కళ్ళూ పడలేదు కాబట్టి తెలియలేదు, అంతే.

విప్పమంటే విప్పరు. "కట్టిన ముడి ఇప్పితే ఏటవుద్దో తెలుసునా?" అని నా మీదే ఒంటికాలి మీద లేచింది చేపలమ్మే ఆవిడ. "నీ తాడు బాగోపోతే మా ముడిననకు."

ఇంటికొచ్చి తరళ మీద అరిచాను, జనానికి బుద్ధి లేదని. అది చేపలు శుభ్రం చేస్తూ తలెత్తకుండా అంది, "నువ్వు నా మొలతాడుకి ఎన్ని ముళ్ళేసినావమ్మా?"

 మూడే వేశాను. ఆ అలవాటు నా చేతుల్లోనూ ఉంది. తాడు ఒంటికి కట్టుకుంటే మూడు ముళ్ళు వేసే జనానికి, ముడి వేయకూడని తాడు అమ్మింది నేను. వాళ్ళు పూజ చేసుకుని మరీ వేస్తారని నాకు తట్టకపోవడం నా తప్పు. జయవర్ధన్ గారూ, ఇది స్పష్టంగా ఉండాలని అక్షరాలు పెద్దవిగా రాశాను.

పుట 6. 25 రోజులు

నాలుగు రోజులు అల్లుతూ విప్పుతూ కూర్చున్నాను. ముళ్ళు వేయొద్దని చెప్పడం దండగ. వేసుకోమనే చెప్పాలి, ఎక్కడ వేయాలో అది నేను చూపించాలి.

పట్టీని మణికట్టుకి బిగించే బొత్తాం పక్కన జానెడు తోక వదిలాను. దానికీ అల్లికకీ సంబంధం లేదు. పసుపు పూసుకో, ముళ్ళు వేసుకో, వంద వేసుకో, అల్లికకేమీ కాదు. లాగాల్సిన కొసని మాత్రం ముడి వేయడానికి వీల్లేకుండా పొట్టిగా కోసి, కొస కాల్చి, పళ్ళకి దొరికేలా చిన్న బిళ్ళ బిగించాను.

తరళ చేతికి కట్టాను, తోకకి ముళ్ళు వేశాను. అది ఇంటి ముందు అంచు మీంచి బట్టలతోనే నీళ్ళలోకి దూకేసింది. చెప్పకుండా దూకింది, దొంగ ముండ. నేను కేక పెట్టే లోపల పళ్ళతో బిళ్ళ లాగింది, తాడు విసిరింది, కొక్కేనికి పడింది. పైకొచ్చి జుట్టు పిండుకుంటూ, "బాగానే ఉందమ్మా," అంది. చెంప పగలగొడదామని చెయ్యెత్తి, పట్టుకుని ఏడ్చాను.

పాత పట్టీలు తెస్తే కొత్తవి ఊరికే ఇస్తానని సంతలో చెప్పాను. సగం మంది తెచ్చారు. మిగతావాళ్ళు ఆలోచిస్తామన్నారు.

పుట 7. 20 రోజులు

ఈరోజు విచారణ జరిగింది. మీరే ఉన్నారు కానీ మీ రాతలో ఏం రాసుకున్నారో నాకు తెలియదు. నా వైపుది ఇక్కడ ఉండనివ్వండి.

మీ ముందు కంపెనీ కాగితం ఉంది. 'నాసిరకం తాడు తెగిపోవడం వల్ల ప్రమాదం' అని అచ్చయింది. దానయ్య పట్టీ మీ బల్ల మీద పెట్టాను. తెగిన చోటు చూపించమన్నాను. ఆసుపత్రి కత్తెర కోత తప్ప ఏమీ లేదు. మీరు పట్టీని అటూ ఇటూ తిప్పి చూశారు.  మీకు అర్థమైందని నాకు అర్థమైంది.

"మరి ఎందుకు విడలేదు?" అన్నారు.

రాజులు వెనక బెంచీ మీద ఉంది. లేవబోయింది. ఆమెకంటే ముందు నేనే చెప్పాను. "నా తయారీలో తప్పు. మా జనం ముడి వేస్తారని నేను ఆలోచించలేదు. ఇప్పుడు మార్చాను. తాడు మాత్రం తెగలేదు. ఆ ముక్క కొట్టేయండి."

కొట్టేయలేదు. పర్మిట్ రద్దు చేశారు. సంతలో పట్టీ అమ్మితే తాళ్ళన్నీ జప్తు అన్నారు. కాగితం ఇచ్చేటప్పుడు మీ చెయ్యి వణికింది. జాలి పడ్డాననుకోకండి, నాకు ఒళ్ళు మండింది. వణికే చేతితో సంతకం పెట్టకపోతే ఏం?

పుట 8. 14 రోజులు

పర్మిట్ లేనిదానికి పుస్తకం అక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

మధ్యాహ్నం కంపెనీ మనిషి మా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లకి ఉప్పు మరక కూడా లేదు. వెనక ఇద్దరు ఒక పెట్టె మోసుకొచ్చి దించారు. లోపల కొత్త ఊపిరి డబ్బా. మాస్కు, గొట్టం, గాలి ఒత్తిడి చూపే గడియారం అన్నీ మెరుస్తున్నాయి.

"మీ అమ్మాయికే. సంతకం లేదు, పదేళ్ళు లేవు, పూర్తిగా సొంతం," అన్నాడు. "మీరు ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు."

'నేను నాసిరకం తాడు అని తెలిసీ అమ్మాను. తాడు తెగి ప్రమాదం జరిగింది. చేతి అల్లిక పట్టీలు ఎవరూ వాడవద్దని మనవి.' అంతే ఆ కాగితం. అంత చిన్నది.

అబద్ధం ఆడను అని నేను ఎగిరి చెప్పాననుకుంటున్నారేమో. చెప్పలేదు. ఆ డబ్బా వంకే చూస్తూ ఉండిపోయాను. నేను ఇన్నాళ్ళూ వేళ్ళు కోసుకుని అల్లింది దీనికోసమే. నా పేరు పోతే పోయింది, నా పేరుతో ఎవరికేం పని? నిజంగా అలాగే అనుకున్నాను. బొటనవేలు చీర చెంగుకి తుడుచుకున్నాను కూడా.

తరళ వచ్చి డబ్బా ముందు కూర్చుంది. మాస్కు పెట్టుకుంది. ఒక్కసారి గాలి పీల్చింది, నిండుగా, కళ్ళు మూసుకుని. నా బిడ్డ మొహం అలా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత మాస్కు తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టింది.

"బాగుందమ్మా," అంది. "తిరిగిచ్చీ."

"తరళా, ఇచ్చేస్తే పదేళ్ళే..."

"ఈ కాగితం చూసి జనం పట్టీలు పారేస్తారు. అద్దె కట్టలేనోళ్ళు పడితే ఏటౌతారు? నాను కింద ఊపిరి పీలుస్తున్నంతసేపూ అదే అనిపిస్తాది. ఇచ్చీమంటన్నాను గదా."

కంపెనీ మనిషి నన్ను చూశాడు, పెద్దదాన్ని నేనే కాబట్టి. నాకు వెనకాడడానికి సిగ్గేసింది. "పెట్టె ఎత్తండి, దారికడ్డంగా ఉంది," అన్నాను.

వాళ్ళు పోయాక నేను అన్నం వండాను, మాడింది, తిన్నాం.

పుట 9. 12 రోజులు

రాజులు, దానయ్య వచ్చారు. దానయ్య చేతికి ఇంకా కట్టు ఉంది. కుడి చెయ్యి చాపాడు.

"కొత్తది కట్టప్పా," అన్నాడు.

"అమ్మకూడదన్నారు."

"అమ్మమన్నానేటి? కట్టమన్నాను."

కట్టాను. తోకకి ముళ్ళు రాజులునే వేయమన్నాను.  మొదటి ముడి వేసి ఆగిపోయింది. దానయ్య, "ఏస్సీవే, నా ఏళ్ళు తిన్నది సముద్రం, నువ్వు గాదు," అన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి చాలా మెల్లిగా అన్నాడు. ఆమె మిగతా రెండూ వేసింది.

వేసి, చెంగు విప్పి ఒక రబ్బరు గొట్టం తీసింది. ఊపిరి డబ్బాకి వాడే గొట్టం, పాతదే కానీ పగుళ్ళు లేవు. "మూడు ముళ్ళు పడ్డ కాడ సదివింపులు సదివించాల గదప్పా. ఒట్టి సేతుల్తో ఎలాగెల్తాం?"

నేను వద్దంటుంటే తరళ గోడకి గుచ్చిన మీ రద్దు కాగితం తీసుకొచ్చింది. వెనకవైపు రూళ్ళు అచ్చయి ఉన్నాయి. ఎవరూ చదవని వైపు. గట్టిగా చదివింది: 'పెళ్ళి, పేరంటం, ఇతర ఆచారాలకూ, ఆ సందర్భంలో ఇచ్చిపుచ్చుకునే వస్తువులకూ ఈ నియమాలు వర్తించవు.'

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్ని రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

పుట 10. 7 రోజులు

సంత మధ్యలో చాప వేసుకుని కూర్చున్నాను. నేను పట్టీ అల్లి చేతికి పెడతాను. వాళ్ళ మనిషి ఎవరో మూడు ముళ్ళు వేస్తారు. ఎవరూ లేనివాళ్ళకి నేనే వేస్తాను. పక్కన దానయ్య నిలబడి, పెళ్ళి పందిట్లో చదివినట్టు చదువుతాడు.

"రెండో బార్జీ వాస్తవ్యులు, చేపలమ్మే బంగారి గారు, ఎండు నెత్తళ్ళు శేరు చదివించారహో!"

ముడి విప్పనని నాతో తగువాడిన ఆవిడే. పాత పట్టీ తెచ్చి నా ముందు పడేసి చెయ్యి చాపింది. తగువు గురించి ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

అందరికీ తెలుసు తరళకి ఏం కావాలో. ఎవరో గాలి మీట తెచ్చారు. ఎవరో భుజాలకి తగిలించుకునే పట్టాలు. నిన్న, డైవింగ్ మానేసిన ఒక ముసలామె, నాతో ఎప్పుడూ మాట్లాడని మనిషి, సొట్టలు పడ్డ డబ్బా దొర్లించుకుంటూ తెచ్చింది. "ఇరవై ఏళ్ళు నన్ను మోసింది. సొట్టలున్నాయి గానీ సిల్లు లేదు," అంది. దానయ్య చదవబోయి సగంలో ఆగిపోయాడు. ఊళ్ళో అందరికీ అదొక వింత.

ఈరోజు మీరు వచ్చారు, ఇద్దరు గార్డులతో.

"ఇది వ్యాపారం కాదా?" అన్నారు.

"ఆచారం సార్."

"రోజూనా?"

"ముహూర్తాలు బాగున్నాయి."

తరళ మీకు మీ కాగితం వెనకవైపు చూపించింది. మీరు చదివారు. మళ్ళీ చదివారు. వరసలో ఉన్నవాళ్ళు ఎవరూ కదల్లేదు. బంగారి పట్టీ కట్టిన తన చెయ్యి మీ మొహం ముందుకి పెట్టి, "జప్తు సేస్తావా? ముడి ఇప్పు మరి. నువ్వే ఇప్పు," అంది. గార్డులిద్దరూ ఒకడుగు వెనక్కి వేశారు. వాళ్ళూ ఈ ఊరివాళ్ళే, కట్టిన ముడి విప్పరు.

మీరు ఆ రూలు మారుస్తారని నాకు తెలుసు. మార్చడానికి పై ఆఫీసుకి రాయాలి, జవాబు రావడానికి నెల. మాకు వారం చాలు.

పుట 11. సంతకం రోజు

పొద్దున్న తరళకి తలంటు పోశాను. డబ్బాకి ముందురోజే గాలి నింపించాం. డబ్బా ఒక రంగు, గొట్టం ఒక రంగు, మీట ఒక రంగు, పట్టాలు మా చీర ముక్కతో కుట్టినవి. ఆ డబ్బాని తరళ వీపున వేసుకుని మూడు నడవలు దాటి కంపెనీ హాలుకి నడిచింది. నేను వెనక నడిచాను. దారిలో జనం లేచి నిలబడ్డారు. ఏడ్వకూడదనుకున్నాను, ఏడ్చాను.

హాల్లో దాని ఈడు పిల్లలు ఇంకో పదిమంది వరసలో ఉన్నారు. ఒక్కొక్కళ్ళే వేలిముద్ర వేసి మెరిసే డబ్బా తీసుకుంటున్నారు. వాళ్ళ తల్లులు నా వైపు చూశారు. ఆ చూపులు నేను మరిచిపోలేను. వాళ్ళ పిల్లలకి కూడా చదివించే పని ఈ ఊళ్ళో ఇంకా మిగిలి ఉంది.

తరళ వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండా అడిగాడు, అందరినీ అడిగే ప్రశ్నే. "ఎవరి ఊపిరి?"

"సొంతం."

తలెత్తాడు. డబ్బా దించమన్నాడు. గడియారం పెట్టి ఒత్తిడి చూశాడు, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలొస్తాయేమో చూశాడు. రాలేదు. రెండోసారి ముంచాడు. రాలేదు. కంపెనీ మనిషి, అదే ఇస్త్రీ చొక్కా, వచ్చి గుమాస్తా చెవిలో ఏదో అన్నాడు. గుమాస్తా, "ఒత్తిడి నిలబడింది సార్, నేనేం చేసేది?" అని పైకే అన్నాడు. మా అమ్మాయి పేరు పదేళ్ళ పుస్తకంలో కాక పక్కన దుమ్ము పట్టిన పల్చటి పుస్తకంలో రాశాడు. ఆ పుట మీద దాని పేరు ఐదోది.

ఈ పుస్తకం రేపు మీ బల్ల మీద పెట్టి వస్తాను. పర్మిట్ మళ్ళీ అడగడానికి కాదు. దానయ్య పట్టీ తెగలేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని.

రేపే తరళ మొదటిసారి దిగుతుంది. ఎక్కడ దిగాలో, ఎప్పుడు పైకి రావాలో అదే చూసుకుంటుంది. వాళ్ళ నాన్నకి ఆ రెండూ ఒకరు చెప్పేవారు. నాకు చచ్చేంత భయంగా ఉంది, జయవర్ధన్ గారూ. వద్దని ఒక్కమాట అంటే ఆగిపోతుంది. అననుగాక అనను.